పొలం ఒకరిది, సాగు ఇంకొకరిది, మరి సాయం ఎవరికి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రైతు సాయం గురించే ఉన్నాయి. కొన్ని కోపంగా, కొన్ని బాధగా రాశారు, ఒకరిద్దరు మాత్రం మొహమాటపడుతూ అడిగారు. అన్నిటికీ జాగా చాలదు కాబట్టి ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది తెలంగాణ. సొంత భూమి లేదు, కౌలుకి ఏడెకరాలు చేస్తున్నాం. విత్తనం, ఎరువు, కూలీలు, అప్పు అంతా మాదే. రైతుబంధు ఉన్నప్పుడు ఓనర్ అకౌంట్లోనే పడేది, ఇప్పుడు రైతు భరోసా కూడా ఆయనకే పడుతోంది. ఆయన ఊళ్లో ఉండరు. మేం రైతులం కాదా?

జవాబు: మీరు రైతే, అందులో రెండో మాట లేదు. ఇది నేను మీ మనసు కోసం చెప్తున్నది కాదు, స్వామినాథన్ గారి కమిషన్ సిఫార్సుల మీద 2007లో కేంద్రం తెచ్చిన జాతీయ రైతు విధానంలోనే కౌలుకి చేసేవాళ్లు, పాలుకి చేసేవాళ్లు, వ్యవసాయ కూలీలు అందరూ రైతులే అని రాసి ఉంది. కానీ డబ్బు పంపించే చోట ఆ నిర్వచనాన్ని ఎవరూ వాడట్లేదు, అక్కడ చూసేది పట్టాదారు పాస్‌బుక్, ఆధార్, బ్యాంక్ అకౌంట్, ఈ మూడే. పాస్‌బుక్ మీద ఎవరి పేరుంటే వాళ్లే రైతు, వాళ్లు పొలం మొహం చూసి ఎన్నేళ్లయినా సరే.

రైతుబంధు 2018 మేలో మొదలైంది, సీజన్‌కి ఎకరానికి 4000, తర్వాతి ఏడాది నుంచి 5000. ఎకరాలకి పరిమితి పెట్టలేదు, అంటే రెండెకరాల రైతుకి ఏడాదికి 20 వేలు వస్తే నలభై ఎకరాలాయనకి 4 లక్షలు. కౌలు రైతుకి ఎందుకు ఇవ్వరని అడిగితే అప్పటి ప్రభుత్వం చెప్పిన కారణం ఏంటంటే కౌలుదారు ఏటా మారతాడు, రికార్డు ఉండదు, ఎవరని ఇస్తాం అని. రికార్డు లేదన్న మాట నిజమే, కానీ అది లేకుండా చేసింది ఎవరు? ధరణి (అప్పటి భూ రికార్డుల పోర్టల్) రోజుల్లో రికార్డుల్లోంచి అనుభవదారు కాలమ్‌నే తీసేశారు, సాగులో ఎవరున్నారో రాసుకునే గడి అదొక్కటే. గడి తీసేసి, తర్వాత అందులో నీ పేరు లేదు కదా అనడం న్యాయం కాదు.

2023 ఎన్నికల్లో కాంగ్రెస్ ఎకరానికి ఏడాదికి 15 వేలు, అదీ కౌలు రైతులక్కూడా అని హామీ ఇచ్చింది. 2025 జనవరి 26న మొదలైన రైతు భరోసాలో ఎకరానికి ఏడాదికి 12 వేలు, అది పట్టాదారులకే. మీకు ఓపిక నశించడంలో తప్పేం లేదు.

ఇందులో కౌలు రైతు అన్నిటికంటే ఎక్కువ నష్టపోయేది ఎక్కడంటే, నా ఉద్దేశంలో పెట్టుబడి సాయం దగ్గర కాదు, రైతు బీమా దగ్గర. 2018 ఆగస్టు 15న మొదలైన ఆ పథకంలో 18 నుంచి 59 ఏళ్ల లోపు రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు వస్తాయి, ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది, నిజంగా మంచి పథకం. అదీ పట్టాదారుకే. అప్పు చేసి పంట పెట్టి, అది పోయి, ఆ దిగులుతో మనిషి పోతే, పట్టా లేదు కాబట్టి ఆ ఇంటికి రైతు బీమా రాదు. పంటలో రిస్క్ మొత్తం మోసింది ఆయనైనా సరే.

పెట్టుబడి సాయం ఓనర్‌కి పోయినా ఆ మేరకి కౌలు తగ్గిస్తాడు కదా అని కొందరు వాదిస్తారు. తగ్గించిన వాళ్లు ఎందరున్నారో మీ చుట్టుపక్కల వాళ్లని అడగండి. అమెరికాలో బారెట్ కిర్వన్ అనే ఆర్థికవేత్త దీన్నే లెక్క గట్టి 2009లో ప్రచురించారు, అక్కడ సబ్సిడీ సాగు చేసేవాడి చేతికే వస్తుంది, అయినా డాలర్‌లో దాదాపు 25 సెంట్లు కౌలు పెరగడం రూపంలో భూయజమానికి చేరిపోతున్నాయని తేల్చారు. సాగుదారుకి ఇస్తేనే నాలుగో వంతు అటు పోతుంటే, నేరుగా యజమానికే ఇస్తే ఇటు వచ్చేది ఎంత?

మీరు వెంటనే చేయగలిగింది ఒకటుంది. కౌలు మాట్లాడుకునేటప్పుడే రైతు భరోసా సంగతి బయటికి తీయండి, సగం నాకివ్వండి లేదా కౌలు అంత తగ్గించండి అని పెద్దమనుషుల ముందే అడగండి, అడగనిదే ఎవరూ ఇవ్వరు. ఇంకోటి, మీకు అస్సలు భూమి లేదంటున్నారు కాబట్టి, ఏడాదిలో కనీసం 20 రోజులు ఉపాధి హామీ పనికి వెళ్లిన భూమిలేని కుటుంబాలకి ఏటా 12 వేలు ఇచ్చే ఇందిరమ్మ ఆత్మీయ భరోసాలో మీ ఇల్లు వస్తుందేమో గ్రామ పంచాయతీలో చూపించుకోండి. అది కూలీ కుటుంబంగా వచ్చే సాయం, రైతుగా మీకు రావాల్సింది కాదు, కాకపోతే ఉన్నది వదులుకోవద్దు.

ప్రశ్న: మాది ఆంధ్రా. ఇక్కడ కౌలు కార్డు ఉందంటారు గానీ ఓనర్ సంతకం పెట్టట్లేదు. పెడితే రేపు పొలం నాదంటావ్ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఆ భయం మీ ఓనర్ ఒక్కడిదే కాదు, తరాలుగా ఉంది. కౌలు చట్టాల్లో కౌలుదారుకి రక్షణ ఇచ్చిన మాట నిజం కాబట్టి కాగితం మీద రాస్తే పొలం పోతుందని యజమానులు నోటి మాటతోనే నడిపించుకుంటూ వచ్చారు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో ఒక చట్టం తెచ్చి రుణ అర్హత కార్డులు ఇచ్చారు, దాని స్థానంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, ఆ కార్డునే సీసీఆర్సీ అంటున్నాం. అది 11 నెలలకే చెల్లుతుంది, దానివల్ల భూమి మీద కౌలుదారుకి ఏ హక్కూ రాదని చట్టంలోనే స్పష్టంగా ఉంది. ఈ ఒక్క ముక్క మీ ఓనర్‌కి రైతు సేవా కేంద్రం వాళ్లతోనో వీఆర్వోతోనో చెప్పించండి, మీరు చెప్తే నమ్మరు, ఆఫీసు వాళ్లు చెప్తే కొందరు మెత్తబడతారు.

అయినా సంతకం కచ్చితం అని పెట్టడమే ఆ చట్టంలో పెద్ద లోపం అని నేననుకుంటున్నా. ఇవ్వడం ఇష్టం లేనివాడి చేతిలోనే తాళం పెట్టినట్టయింది. పైగా వైఎస్సార్ రైతు భరోసా ఉన్నప్పుడు, ఏడాదికి 13,500 ఇచ్చేవాళ్లు, అందులో కౌలుదారులకి కూడా ఇచ్చారు, దేశంలో చాలా రాష్ట్రాలు చేయని పని అది, కాకపోతే సెంటు భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకి మాత్రమే, అదీ కార్డు ఉంటేనే. కార్డు రావాలంటే మళ్లీ సంతకం దగ్గరికే వచ్చి ఆగుతాం.

కార్డు వచ్చినా రాకపోయినా ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ ఆన్‌లైన్ పంట నమోదులో, సాగుదారుగా మీ పేరు ఎక్కించడం మాత్రం వదలొద్దు. తుఫానొచ్చి పంట మునిగితే ఇన్‌పుట్ సబ్సిడీకి (పంట నష్టపోతే ఇచ్చే సాయానికి) చూసేది దాన్నే, ధాన్యం కొనుగోలుకీ అదే అడుగుతారు. పంట పోయాక తిరగడం కన్నా నాట్లు అయిన వెంటనే తిరగడం మేలు.

ఎక్కడైనా కౌలుదారుకి సరిగ్గా ఇస్తున్నారా అని ఇంకొకరు అడిగారు. పశ్చిమ బెంగాల్‌ని చూడండి. అక్కడి కృషక్ బంధులో రికార్డయిన బర్గాదార్లకి, అంటే పాలుకి చేసేవాళ్లకి, కూడా డబ్బు వస్తుంది. అదెలా కుదిరిందంటే 1978లో ఆపరేషన్ బర్గా అని మొదలుపెట్టి ఊరూరా తిరిగి పొలాల దగ్గరే, జనం ముందే అడిగి 14 లక్షల మంది దాకా పేర్లు రికార్డులో ఎక్కించారు. నలభై ఏళ్ల తర్వాత డబ్బు పంచాలనుకున్నప్పుడు లిస్టు చేతిలో ఉంది. ఒడిశాలో కాలియా పథకం పెట్టినప్పుడు కూడా పాలుదారుల్నీ భూమిలేని వ్యవసాయ కుటుంబాల్నీ కలిపారు. కాబట్టి కుదరదు అనే మాట నేను ఒప్పుకోను, పేర్లు రాసుకునే పని ముందు చేయాలి అంతే.

ప్రశ్న: అమెరికాలో, యూరప్‌లో రైతుల్ని బాగా చూసుకుంటారని మా అబ్బాయి అంటాడు. అక్కడి సబ్సిడీలు చిన్న రైతుకి చేరతాయా?

జవాబు: డబ్బు చాలా ఎక్కువే ఇస్తారు, కానీ ఎవరికి అన్న దగ్గర అక్కడా ఇదే గొడవ, ఇప్పటిది కూడా కాదు. అమెరికాలో రైతుకి ప్రభుత్వం నేరుగా డబ్బివ్వడం పెద్ద ఎత్తున మొదలైంది 1933లో. పత్తి రేటు పడిపోయి రైతులు చితికిపోయి ఉన్నారు, రూజ్‌వెల్ట్ ప్రభుత్వం చేలో ఉన్న పత్తిని దున్నేయండి, సాగు తగ్గించండి, దానికి మేం డబ్బిస్తాం అంది, ఆ ఒక్క ఏడాదే దాదాపు కోటి ఎకరాల పత్తి దున్నించేశారు. చెక్కు ఎవరికొచ్చింది? భూమి ఉన్నాయనకి. అందులోంచి పాలుదారుకి వాటా ఇవ్వాలని రూల్ ఉంది గానీ ఇప్పించేవాళ్లు లేరు. ఇంకా ఘోరం ఏంటంటే సాగు తగ్గింది కాబట్టి మనుషుల అవసరమూ తగ్గింది, దక్షిణ రాష్ట్రాల్లో ఎన్నో పాలు కుటుంబాల్ని, అందులో నల్లవాళ్లు మరీ ఎక్కువ, ఇళ్లలోంచి కూడా వెళ్లగొట్టేశారు. రైతుని ఆదుకోడానికి పెట్టిన పథకమే సాగు చేసేవాణ్ని రోడ్డున పడేసింది. 1934లో ఆర్కాన్సా రాష్ట్రంలో టైరోంజా అనే చోట నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి కౌలు రైతుల యూనియన్ పెట్టుకున్నారు, ఆ రోజుల్లో అక్కడ ఇద్దరూ ఒకే సంఘంలో కూర్చోవడమే ప్రాణాల మీదకి తెచ్చుకునే పని.

తర్వాత రూపం మారుతూ వచ్చింది. ఇప్పటికీ అక్కడి ప్రధాన పథకాలు మొక్కజొన్న, సోయా, గోధుమ, పత్తి, వరి లాంటి కొన్ని పంటల చుట్టూనే తిరుగుతాయి, కూరగాయలు పండ్లు పండించేవాళ్లకి అందులో చోటు తక్కువ. పాత లెక్కలో ఉన్న ఎకరాలకి డబ్బివ్వడం వల్ల ఒకప్పుడు వరి పండిన భూముల్లో ఇళ్లు కట్టుకున్న వాళ్లకి కూడా టెక్సాస్‌లో చెల్లింపులు వెళ్లిన సంగతి 2006లో పత్రికల్లో పెద్ద రచ్చ అయింది, ఆ నేరుగా ఇచ్చే చెల్లింపుల్ని చివరికి 2014లో ఎత్తేశారు. మనిషికి ఇంతే అని సీలింగ్ ఉంది, 2018 వ్యవసాయ చట్టంలో 1,25,000 డాలర్లు, 2025లో దాన్ని 1,55,000కి పెంచారు. అయితే ఒక పొలంలో పార్ట్‌నర్లు ఎంత మంది ఉంటే అన్ని సీలింగులు లెక్కగట్టే వీలుంది కాబట్టి పెద్దవాళ్లకి అదేమంత అడ్డు కాదు.

యూరప్‌లో అయితే 1962 నుంచి ఉమ్మడి వ్యవసాయ విధానం ఉంది, యూరోపియన్ యూనియన్ బడ్జెట్‌లో మూడో వంతు దాకా దానికే పోతుంది. అందులో నేరుగా రైతులకిచ్చే డబ్బు ఎక్కువగా హెక్టార్ల లెక్కన ఇస్తారు, అందుకే 80 శాతం దాకా 20 శాతం మందికే చేరుతోందని యూరోపియన్ కమిషనే చెప్తూ వచ్చింది. బ్రిటన్ యూనియన్‌లో ఉన్న రోజుల్లో రాణి గారి శాండ్రింగ్‌హామ్ ఎస్టేట్ కూడా ఈ డబ్బు తీసుకున్న లిస్టులో ఉంది. తీసుకున్నవాళ్లు తప్పు చేశారని కాదు, రూలే భూమి ఎంత అని అడుగుతుంటే భూమి ఎక్కువున్న వాళ్లకే వెళ్తుంది. యూరప్ దగ్గర నేను మెచ్చుకునేది మాత్రం ఒకటుంది, ఎవరికి ఎంత ఇచ్చారో పేర్లతో పబ్లిగ్గా పెడతారు, 2010లో ప్రైవసీ అని అక్కడి కోర్టు కొంత ఆపినా రూల్స్ మార్చి మళ్లీ పెట్టారు, మరీ చిన్న మొత్తాలు తీసుకున్న వాళ్ల పేర్లు మాత్రం దాచి. ఆ లిస్టే లేకపోతే రాణి గారి ఎస్టేట్ సంగతి మామూలు జనానికి తెలిసేదే కాదు.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నా, ట్యాక్స్ కడతా. ఊళ్లో మూడెకరాలుంది, నాన్న పేరు మీద రెండు, నా పేరు మీద ఒకటి. ఇద్దరికీ పీఎం కిసాన్ పడుతోంది. తీసుకోవచ్చా?

జవాబు: నిజాయితీగా అడిగారు, సంతోషం. మీ నాన్నగారిది తీసుకోవచ్చు, మీది తీసుకోకూడదు. పీఎం కిసాన్‌లో కుటుంబం అంటే భార్యాభర్తలు, మైనర్ పిల్లలు అంతే, కాబట్టి మీరు ట్యాక్స్ కట్టడం వల్ల నాన్నగారి అర్హత పోదు. ఆయన స్వయంగా ట్యాక్స్ కట్టినా, ప్రభుత్వ ఉద్యోగం చేసినా (గ్రూప్ డి వాళ్లకి మినహాయింపు ఉంది), నెలకి 10 వేలు ఆ పైన పెన్షన్ వస్తున్నా అప్పుడు పోతుంది. డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లుగా ప్రాక్టీస్ చేసేవాళ్లు, ఎంపీలు, ఎమ్మెల్యేలు, సంస్థల పేరున ఉన్న భూములు కూడా కుదరదు. ఇంతకుముందు ఏడాది ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టినవాళ్లెవరూ అర్హులు కారు కాబట్టి మీ పేరున వచ్చింది వెనక్కి కట్టేయండి, పోర్టల్‌లోనే రీఫండ్ చేసే దారి ఉంది. ఇలా తీసుకున్న వాళ్ల దగ్గర ప్రభుత్వం రికవరీ కూడా చేస్తోంది.

ఈ పథకం 2019 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు రెండు హెక్టార్ల లోపు వాళ్లకే, అదే ఏడాది ఎన్నికలయ్యాక ఆ పరిమితి ఎత్తేసి భూమి ఉన్న రైతు కుటుంబాలన్నిటికీ చేశారు. ఏడాదికి 6 వేలు ఎన్ని ఎకరాలున్నా ఒకటే కాబట్టి ఎకరాల లెక్కన ఇచ్చే పథకాల కన్నా ఇది చిన్న రైతుకి నయం. కౌలుదారుకి మాత్రం ఇందులోనూ సున్నా.

మీ ఎకరం ఎవరు సాగు చేస్తున్నారో రాయలేదు. ఎవరికైనా కౌలుకిచ్చి ఉంటే, రాష్ట్రం నుంచి మీ అకౌంట్లో పడే సాయం ఏదైనా ఉంటే అది వాళ్లకి పంపేయండి. ఒక్క ఎకరం డబ్బు మీ జీతంలో కనిపించను కూడా కనిపించదు, వాళ్లకి అది యూరియా, డీఏపీ, ఒక విడత కూలీ.

ప్రశ్న: న్యూజిలాండ్‌లో సబ్సిడీలు మొత్తం ఎత్తేసినా రైతులు బాగానే ఉన్నారట. మనమూ ఎత్తేస్తే పోలా?

జవాబు: పోదండి. 1984లో అక్కడి ప్రభుత్వం నిజంగానే దాదాపు అన్నీ ఎత్తేసింది, రోజర్ డగ్లస్ అప్పుడు ఆర్థిక మంత్రి. 8 వేల ఫార్మ్‌లు మూతపడతాయని భయపెట్టారు, వాస్తవంలో పొలం వదులుకోవాల్సి వచ్చింది ఒక శాతానికి అటూ ఇటూ. గొర్రెకి ఇంత అని సాయం ఉన్నన్నాళ్లూ గొర్రెలు పెంచుకుంటూ పోయారు, 1982లో 7 కోట్లున్న గొర్రెలు తర్వాత సగం కన్నా కిందికి వచ్చాయి, జనం పాల వైపు, వేరే వాటి వైపు మళ్లారు. భూమి ధరలు బాగా పడ్డాయి, అంటే ఇన్నాళ్లూ సబ్సిడీ వెళ్లి భూమి ధరలో కూర్చుందన్నమాట, మొదటి జవాబులో కౌలు గురించి చెప్పింది ఇదే.

కానీ అక్కడ రైతుకున్నది వందల హెక్టార్లు, పండిన దాన్ని ప్రపంచమంతా అమ్ముకునే స్వేచ్ఛ ఉంది. మన దగ్గర సగటు కమతం 1.08 హెక్టార్లు, 86 శాతం మంది రెండు హెక్టార్ల లోపు వాళ్లు, వాళ్లందరి చేతిలో ఉన్నది మొత్తం సాగు భూమిలో సగం కూడా లేదు, ఇది 2015-16 వ్యవసాయ గణన. పైగా మనం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంటాం. 2023 జులైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారు, 2024 సెప్టెంబర్ దాకా అంతే, బయట రేటు ఉన్నప్పుడు అమ్ముకోలేకపోయిన నష్టం ఎవరిది? రైతుదే కదా, దాన్ని మాత్రం సబ్సిడీ లెక్కల్లో ఎవరూ రాయరు. ఇలాంటి ఆంక్షల వల్ల మన రైతు మీద కనపడని పన్ను పడుతోందని ధనిక దేశాల ఆర్థిక సంస్థ ఓఈసీడీ కూడా ఏటా తన రిపోర్టుల్లో చెప్తోంది. ఎత్తేయడం గురించి మాట్లాడాలంటే ముందు ఆ ఆంక్షలు ఎత్తేయాలి.

ప్రశ్న: ఎరువుల సబ్సిడీ, ఫ్రీ కరెంట్, మద్దతు ధర అందరికీ సమానమే కదా, వాటిలో పెద్దా చిన్నా తేడా ఏముంది?

జవాబు: బస్తా రేటు అందరికీ ఒకటే, బస్తాలు ఒకటి కాదు కదా. ఎకరం రైతు కన్నా పదెకరాలాయన పది రెట్ల సబ్సిడీ వాడతాడు. ఫ్రీ కరెంట్ బోరు ఉన్నవాడికే, వాన మీద ఆధారపడ్డ మెట్ట రైతుకి అందులో ఏమీ లేదు. మద్దతు ధరకి ప్రభుత్వ ఏజెన్సీలకి అమ్మగలిగింది దేశంలో 6 శాతం రైతులే అని, ఎఫ్‌సీఐ (ప్రభుత్వ ధాన్యం కొనుగోలు సంస్థ) మీద కేంద్రం వేసిన శాంతకుమార్ కమిటీ 2015లో రాసింది, మన దగ్గర వరి కొనుగోళ్లు బాగా జరుగుతాయి కాబట్టి ఇక్కడ పరిస్థితి కొంత మెరుగే. అయినా యూరియా సబ్సిడీ విషయంలో ఒక సుగుణం ఉంది, చాలా చోట్ల ఆధార్ చూపించి కొనుక్కోవచ్చు, పాస్‌బుక్ లేని కౌలు రైతుకి ఎంతో కొంత అందుతున్న పెద్ద సబ్సిడీ అదే. రేపు ఈ డబ్బంతా కలిపి నేరుగా అకౌంట్లో వేస్తాం అని ఎవరైనా అంటే, మంచిదే అనిపిస్తుంది గానీ, ఎవరి అకౌంట్లో అని ముందు అడగండి. అదీ భూమి రికార్డు చూసే వేస్తే కౌలు రైతుకి ఉన్నది కూడా పోతుంది, ఎరువు పూర్తి రేటుకి ఆయన కొంటాడు, సబ్సిడీ డబ్బు ఓనర్‌కి పోతుంది.

ప్రశ్న: అమ్మ పేరున రెండెకరాలుంది, పీఎం కిసాన్ మొదట్లో వచ్చింది, తర్వాత ఆగిపోయింది. ఆఫీసుకెళ్తే ఆన్‌లైన్‌లో చూడమంటున్నారు.

జవాబు: ఎక్కువగా మూడు చోట్ల ఆగుతుంది. ఈ-కేవైసీ (ఆధార్‌తో మనిషిని నిర్ధారించడం) అయిందా, ల్యాండ్ సీడింగ్ (భూమి వివరాలు పథకంలో జతపరచడం) దగ్గర అవును అని ఉందా లేదా, బ్యాంక్ అకౌంట్ ఆధార్‌తో లింకయ్యి ఉందా. పోర్టల్‌లో స్టేటస్ కొడితే ఏది లేదో కనిపిస్తుంది. ఈ-కేవైసీ మీ సేవలోనో కామన్ సర్వీస్ సెంటర్‌లోనో వేలిముద్రతో చేస్తారు, పెద్దవాళ్ల వేలిముద్ర పడకపోతే యాప్‌లో మొహం చూపించి చేసే పద్ధతి ఉంది, అది అడగండి, చాలా మందికి చెప్పరు. ల్యాండ్ సీడింగ్ లేదంటే మాత్రం ఆన్‌లైన్‌లో మీరేం చేయలేరు, పాస్‌బుక్, ఆధార్ జిరాక్స్‌లు పట్టుకుని మండల వ్యవసాయ అధికారి దగ్గరికే వెళ్లాలి, అర్జీ రాసిచ్చి దాని మీద తేదీతో రసీదు సంతకం తీసుకోండి. అప్పటికీ కదలకపోతే 155261కి ఫోన్ చేసి కంప్లయింట్ నంబర్ తీసుకోండి. ఆగిన వాయిదాలు, అర్హత ఉండి టెక్నికల్ కారణంతో ఆగినవైతే, సరిచేశాక చాలా మందికి కలిపి పడ్డాయి, కాబట్టి పోయిందిలే అని వదిలేయకండి.